నాకెందుకే!

మా ఇంట్లో పోయిన ఆదివారం పళ్ళ మీద పెద్ద రభస జరిగింది. పళ్ళంటే బంగినపల్లి మామిడిపళ్ళో, చక్కెరకేళీలో అనుకునేరు. కావు. నోట్లో ఉండే పళ్ళు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నోట్లో ఉండవలసినవీ, లేనివీను.

నాకు అరవై ఒకటో ఏడు. కింద దవడ పళ్ళు అటు రెండూ ఇటు రెండూ పోయి అయిదేళ్ళయింది. పైన ముందు పన్ను ఒకటి చాన్నాళ్ళ నుంచి ఊగిసలాడుతూ, మొన్న సంక్రాంతికి సెలవు పుచ్చుకుంది. ఆ సందులోంచి గాలి పోతోంది, మాట పోతోంది, అప్పుడప్పుడు మర్యాద కూడా పోతోంది. అందుకని ఆదివారం పొద్దున్న కాఫీల దగ్గర, “నేను పళ్ళు కట్టించుకుంటానండీ” అన్నాను.

మావారు పేపరు దించారు. “ఇప్పుడెందుకే? ఈ వయసులో నిన్నెవరు చూడొచ్చారు?” అన్నారు.

మా అబ్బాయి ఫోనులో, “నొప్పేం లేదుగా అమ్మా? మరెందుకూ?” అన్నాడు.

మా కోడలు మంచిపిల్ల. “ఎందుకత్తయ్యా శ్రమ? నేను కూరలు ఇంకాస్త మెత్తగా ఉడకపెడతాను లెండి” అంది.

పక్కింటి వదినగారు ప్రహరీగోడ మీంచి, “ఎందుకొదినా ఇంకా ఈ సోకులు? మనవలెత్తాం” అన్నారు.

నలుగురూ నాలుగు రకాల మనుషులు. నలుగురి నోటా వచ్చిన మాట మాత్రం ఒకటే, “ఎందుకు?” అని. చిత్రమేమిటంటే, మా వారి నోట్లో నాలుగు ముందు పళ్ళు కట్టుడు పళ్ళే. రిటైరయ్యే ముందు, సన్మానసభలో ఫొటోలు తీస్తారని కట్టించుకున్నారు. ఆనాడు ఈ ఇంట్లో ఒక్కరైనా “మిమ్మల్నెవరు చూడొచ్చారండీ” అనలేదు. నేనూ అనలేదు. పైగా డాక్టరు దగ్గరికి నాలుగుసార్లు తోడు వెళ్ళాను.

సరే, వాళ్ళమీద కోపం తెచ్చుకుందామనుకుంటే, నా మీద నాకే కోపం వచ్చింది. ఎందుకంటే ఆ మాట ముప్ఫై ఏళ్ళ కిందట నేనూ విన్నాను. విని ఊరుకున్నాను. ఆ సంగతి చెప్పకుండా ఈ వ్యాసం రాయడం న్యాయం కాదు.

మా నాన్నగారు బడిపంతులు. 1986లో ఉద్యోగం విరమించగానే కాకినాడ వెళ్ళి పూర్తి సెట్టు కట్టించుకున్నారు. ట్యూషన్లు చెప్పుకోవాలి గదా, పద్యం చదివితే పళ్ళు లేకుండా ఎలా అన్నారు. అందరం నిజమేనన్నాం. రాత్రిపూట ఆ సెట్టు గాజుగ్లాసులో నీళ్ళల్లో ఉండేది. పొద్దున్నే దాన్ని కడిగి అందించేది మా అమ్మ.

1994లో, తన అరవై రెండో ఏట, అమ్మకి ఆఖరి పన్ను కూడా పోయింది. నాన్నగారి గ్లాసు పక్కన రెండో గ్లాసు పెట్టాలని మాలో ఎవరికీ తోచలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేను అడిగాను. “అమ్మా, నువ్వూ కట్టించుకోకూడదుటే?” అని.

“నాకెందుకే! మెత్తగా కలుపుకు తింటాను. నేనేం సభలకి వెళ్ళాలా?” అంది.

నేను హమ్మయ్య అనుకున్నాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పితీరాలి. అప్పుడు మా ఇంటి కట్టుబడి నడుస్తోంది. ఖర్చులు గొంతుదాకా ఉన్నాయి. అమ్మ వద్దంది కాబట్టి వద్దు. అమ్మకి అక్కర్లేదు కాబట్టి అక్కర్లేదు. లెక్క సరిపోయింది. ఆ తరవాత పదకొండేళ్ళు, 2005లో పోయేదాకా, అమ్మ పళ్ళు లేకుండానే బతికింది.

అమ్మకి నిజంగా అక్కర్లేదా? చూద్దాం.

ఏటా వేసవిలో ఇంటిల్లిపాదికీ ఆవకాయ పెట్టేది. ముక్క ఎలా ఉందో తనకి తెలియదు. ఊట మాత్రం వేలితో నాలిక మీద రాసుకుని, “ఉప్పు చాలిందా?” అని మమ్మల్ని అడిగేది. జంతికలు వండి డబ్బాలు నింపేది, వాసన చూసి “కరకరలాడుతున్నాయే” అనేది. ఆకూ వక్కా బుల్లి రోట్లో దంచుకునేది. కొన్నాళ్ళకి అదీ మానేసింది. గోంగూరలో ఈనె అడ్డం పడుతుంది, జామకాయ కుదరదు, చపాతీ నలగదు. చివరికి ఆవిడ భోజనం పాలన్నం, పప్పుచారన్నం, పంచదార వేసిన రొట్టె. తరవాత ఆవిడకి షుగరుందని తేలింది. ఆ తిండే దానికి కారణమని అననుగానీ, షుగరు మనిషి తినవలసినవన్నీ పళ్ళున్నవాళ్ళు తినేవీ, తినకూడనివన్నీ పళ్ళు లేనివాళ్ళు తినగలిగేవీను. పళ్ళు పోయినవాళ్ళు కూరలూ పండ్లూ తగ్గించి మెత్తటి పిండిపదార్థాల మీద పడతారని వైద్యులు ఏనాటినుంచో చెబుతూనే ఉన్నారు.

తిండి సరే, మాట సంగతి? మన అక్షరాల్లో త, ద, న, స లాంటివాటికి దంత్యాలని పేరు పెట్టారు. ఉత్తినే పెట్టారా? శుక్రవారం శుక్రవారం అమ్మ లలితా సహస్రనామం పైకి చదివేది. పళ్ళు పోయాక స అంటే శ్ అని గాలి వచ్చేది. అపచారమని పైకి చదవడం మానేసి మనసులో అనుకునేది. అమ్మవారి పలువరుసని పొగిడే నామం కూడా ఉంది ఆ వెయ్యింటిలో. అది ఎలా అనుకునేదో!

ఇక అన్నిటికన్నా పెద్దది. 1996లో వేసవి సెలవులకి వెళ్ళాం. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి భోజనాల దగ్గర అమ్మమ్మ నమిలినట్టు మూతి లోపలికి పీల్చుకుని దవడలాడించి చూపించింది. అందరం పకపకా నవ్వాం. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తరవాత ఆవిడ ఎవరితోనూ కలిసి భోజనానికి కూచోలేదు. 1998లో మా తమ్ముడి పెళ్ళిలో కూడా, వరుడి తల్లి అయ్యుండీ, బంతిలో కూచోకుండా విడిదిగదిలో ఒక్కర్తే తింది. “పనులున్నాయే, మీరు కానివ్వండి” అంది. ఆ పెళ్ళి ఆల్బంలో ఆవిడ ఉన్న ప్రతి ఫొటోలోనూ కొంగు నోటిమీదే ఉంది.

మరి “నాకెందుకే” అన్నది అబద్ధమా? అబద్ధం కాదు. అదో మర్యాద. మన ఇళ్ళలో ఆడది తన కోసం ఏదైనా కావాలా అంటే చెప్పే మొదటి జవాబది. చీర కొంటానన్నా నాకెందుకే, డాక్టరు దగ్గరికి వెళ్దామన్నా నాకెందుకే. ఆ మాట వినగానే “సరే” అని లేచిపోయేవాళ్ళదే తప్పు. అవసరం ఉందో లేదో తేల్చవలసింది ఆ మర్యాద కాదు.

ఇక “ఎందుకు” అన్నవాళ్ళ వాదనలకి వస్తాను.

మొదటిది, వయసైపోయిందిట. అరవై దాటినవాళ్ళకి కళ్ళజోడు కొనేటప్పుడు ఎవరైనా “ఈ వయసులో చూడ్డమెందుకు?” అంటారా? మోకాళ్ళ నొప్పులకి చేతికర్ర ఇచ్చి “ఈ వయసులో నడకెందుకు?” అంటారా? పళ్ళకి మాత్రమే ఈ వైరాగ్యం! మాది ద్రాక్షారామం దగ్గరి పల్లె. దక్షయజ్ఞం జరిగిన చోటు అదేనని మావైపు చెప్పుకుంటారు. అంతకుముందు శివుణ్ణి నిందిస్తుంటే పూషుడనే దేవత పళ్ళికిలించి నవ్వాడుట. వీరభద్రుడు వచ్చి ఆ పళ్ళు రాలగొట్టాడు. తరవాత శివుడు శాంతించి, యజమాని పళ్ళతో పిండిపదార్థం తినమని పూషుడికి వరమిచ్చాడని భాగవతం నాలుగో స్కంధంలో ఉంది. అంటే సొంత పళ్ళు పోతే అరువు పళ్ళు ఇప్పించడం సాక్షాత్తూ శివుడే మొదలుపెట్టాడన్నమాట. తప్పు చేసి పోగొట్టుకున్నవాడికే ఇప్పించాడు. పదిమందికి వండిపెట్టి పోగొట్టుకున్నదానికి “ఎందుకు” అంటారేమిటి మీరంతా?

రెండోది, సోకు. పసిపిల్లాడు నవ్వితే బోసినవ్వని ముద్దు. గాంధీగారు నవ్వితే బోసినవ్వని దణ్ణం. అదే పెద్దావిడ నవ్వితే “బోసినోటి ముసల్ది” అని ఎగతాళి. ఎగతాళి చేసేది మీరే, అది తప్పించుకుందామని పళ్ళు కట్టించుకుంటే సోకనేదీ మీరే. అయినా సోకే అనుకోండి, తప్పేమిటి? ఫొటోలో కొంగు అడ్డం లేకుండా నిలబడాలనుకోవడం మరీ అంత గొంతెమ్మ కోరికా?

మూడోది, తలరాత. “కాన్పుకో పన్ను పోతుంది, ఆడదానికి మామూలే” అంటారు. ఇది వట్టిమాట. కడుపులో బిడ్డ తల్లి పళ్ళలోంచి కాల్షియం లాక్కోదు. ఆ నెలల్లో చిగుళ్ళు వాచి రక్తం కారడం ఉంది. అప్పుడు శుభ్రంగా తోముకోకుండా, చూపించుకోకుండా ఉంటే పళ్ళు దెబ్బతింటాయి. “పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయి” అన్నది ఇంకో వట్టిమాట. చూపు నరం వేరు, పంటి నరం వేరు. ఈ భయంతోనే పుచ్చిన పళ్ళు నోట్లో పెట్టుకుని చీము మింగుతూ కూచున్న ఇల్లాళ్ళని ఎంతమందినో చూశాను.

అయితే, అమ్మలారా, నేను పళ్ళ డాక్టర్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకండి. రెండో వైపూ చూడాలి గదా.

ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో కొన్నిచోట్ల ఓ వింత ఆచారం ఉండేది. పెళ్ళికి ముందు ఆడపిల్లకి ఉన్న పళ్ళన్నీ పీకించి, పూర్తి సెట్టు కట్టించి కానుకగా ఇచ్చేవారుట. రేపు మొగుడికి పళ్ళ ఖర్చు తప్పుతుందని! 1948లో అక్కడి ప్రభుత్వం అందరికీ ఉచితవైద్యం పెట్టగానే కట్టుడు పళ్ళకి జనం విరుచుకుపడ్డారు. ఖర్చు భరించలేక 1951లో పళ్ళకీ కళ్ళజోళ్ళకీ రుసుము పెడితే, ఆ పథకం తెచ్చిన మంత్రి అన్యూరిన్ బెవాన్ రాజీనామా చేశాడు. 1968లో ఇంగ్లండు, వేల్సు దేశాల్లో పెద్దవాళ్ళని లెక్క తీస్తే నూటికి ముప్ఫైఏడుగురికి సొంత పన్ను ఒక్కటీ లేదు. 2009 నాటికి ఆ లెక్క నూటికి ఆరుకి దిగింది. మనుషులు మారలేదు. పన్నుంటే పీకెయ్యడమే మేలన్న ఆలోచన మారింది.

కనక అందరూ పరిగెత్తి సెట్లు కట్టించుకోండని నేననను. పోయిన ప్రతి పన్నూ పెట్టించి తీరాలనీ లేదు. 1981లో హాలండు దేశపు దంతవైద్యుడు కైజర్ ఓ మాట తేల్చాడు. ముందు పళ్ళూ, వాటి వెనక కొన్నీ కలిపి ఓ ఇరవై పళ్ళు పైనా కిందా ఒకదానికొకటి ఆనుతూ గట్టిగా ఉంటే చాలామందికి పని జరిగిపోతుందని. ముప్ఫైరెండూ ఉండాలన్న పట్టుదల అక్కర్లేదు. కానీ ఆ సంగతి మనకి చెప్పేదెవరు? నేను మొదట వెళ్ళినచోట నోరు సగం తెరిచానో లేదో, పోయినవన్నీ ఎముకలో మరలు దిగేసి పెట్టాలని, మా వారి రెండు నెలల పెన్షనుకి మించిన అంకె ఒకటి కాగితం మీద రాసి చేతిలో పెట్టారు. నాకేం కావాలో అడగలేదు. ఇంట్లోవాళ్ళు నన్నడక్కుండా అక్కర్లేదన్నారు, వీళ్ళు నన్నడక్కుండా అక్కరన్నారు. నా నోరు నాది కాదా?

రెండోచోట ఉన్నది ఓ పెద్ద డాక్టరమ్మ. ఆవిడ అద్దం తియ్యకముందే, “ఏం తినలేకపోతున్నారమ్మా? ఏ మాట పలకడం కష్టంగా ఉంది?” అని అడిగింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎవరైనా మా అమ్మని అలా అడిగి ఉంటే, జంతికలని చెప్పేది. సహస్రనామమని చెప్పేది. బంతిలో కూచోవాలని ఉందని కూడా చెప్పేదేమో. మేం అడిగింది “పళ్ళు కావాలా?” అని. దానికి జవాబు “నాకెందుకే” తప్ప ఇంకేముంటుంది?

ఆ డాక్టరమ్మ దాచకుండా చెప్పిన సంగతులు మీకూ చెబుతాను. పూర్తి సెట్టుకి సొంత పళ్ళ బలంలో నాలుగో వంతో అయిదో వంతో ఉంటుంది, అంతే. అలవాటు కావడానికి వారాలు పడుతుంది. మొదట్లో మెత్తటివి చిన్న చిన్న ముక్కలుగా రెండు వైపులా నమలాలి. పై సెట్టు అంగిట్లో పట్టుకుని నిలుస్తుంది, కిందిది జారుతుంది. పళ్ళు పోయిన దవడ ఎముక ఏళ్ళ తరబడి అరుగుతూనే ఉంటుంది. పైదానికన్నా కిందిది నాలుగు రెట్లు ఎక్కువ అరుగుతుందని 1972లోనే ఒక పరిశోధనలో తేలింది. అందుకే ఒకసారి కట్టించుకున్న సెట్టు జన్మంతా సరిపోదు, మధ్యలో సరిచేయించుకోవాలి. రాత్రి తీసి నీళ్ళల్లో వెయ్యాలి. వేడినీళ్ళు పొయ్యకూడదు, వంకరపోతుంది. పళ్ళపొడితో రుద్దకూడదు, గీతలు పడతాయి. బ్రష్షూ సబ్బూ చాలు. ఎక్కడైనా ఒరుసుకుంటే ఆకురాయి పుచ్చుకుని ఇంట్లో అరగదియ్యకుండా కట్టినవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. చాలామంది ఆడవాళ్ళు ఒకసారి ఒరుసుకోగానే సెట్టుని బీరువాలో పెట్టి, “నాకు పడలేదమ్మా” అనేస్తారుట. అదీ “నాకెందుకే”కి చెల్లెలే.

డబ్బు మాట కూడా తేల్చుకుందాం. లేనివాళ్ళకి లేదు, వాళ్ళని అనను. అలాంటివాళ్ళకి దంతవైద్య కళాశాలల్లో తక్కువ ఖర్చుతో కట్టేవారున్నారు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంతవైద్యశాల లాంటివి అందుకేగా ఉన్నాయి. నేననేది ఉన్నవాళ్ళ సంగతి. మనవరాలి ఓణీల వేడుకకి వీడియో తీయించినవాళ్ళు, నాయనమ్మ నోట్లో పళ్ళ దగ్గరికి వచ్చేసరికి పొదుపు నేర్చుకుంటారు. అది పొదుపు కాదు, లెక్కలో మనిషిని వదిలెయ్యడం.

జపానులో 1989లో ఓ ఉద్యమం మొదలుపెట్టారు. ఎనభయ్యో ఏట ఇరవై సొంత పళ్ళుండాలని దాని పట్టు. 2016లో లెక్క చూస్తే ఎనభై ఏళ్ళవాళ్ళలో సగం మందికి పైగా ఆ ఇరవైతో ఉన్నారు. అంటే పళ్ళూడటం వయసుధర్మం కాదన్నమాట. ఎక్కువగా పుచ్చుపట్టీ చిగుళ్ళు చెడీ పోతాయి, ఆ రెంటినీ చాలావరకు ఆపొచ్చు. ఇంట్లో అందరి పళ్ళూ తోమించి, అందరూ పడుకున్నాక ఎంగిలి గిన్నెలు సర్ది, తను తోముకోవడానికి ఓపిక లేక పడుకునే ఇల్లాలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. కట్టుడు పళ్ళ కన్నా సొంత పళ్ళు చవక.

కాబట్టి అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీ అమ్మని “పళ్ళు కావాలా?” అని అడక్కండి. ఏం తినడం మానేశావని అడగండి. నవ్వేటప్పుడు కొంగెందుకు అడ్డం పెడుతున్నావని అడగండి. ఆవిడ “నాకెందుకురా” అంటే, ఆ మాట అక్కడే వదిలి చెప్పులు తొడిగించి తీసుకెళ్ళండి. అన్నీ విన్నాక కూడా నిజంగా వద్దంటే, అప్పుడు సరే, ఆవిడ ఇష్టం. చిగుళ్ళతోనే సుఖంగా తినేవాళ్ళూ ఉన్నారు. వద్దనే హక్కు ఉండాలంటే ముందు కావాలనే హక్కు ఉండాలి. ఇక అమ్మలూ, అత్తలూ, మీరూ ఆ మాట మింగెయ్యడం నేర్చుకోండి. మీరన్న ప్రతి “నాకెందుకే” మీ కూతురు వింటోంది. ముప్ఫై ఏళ్ళకి దాని నోటా అదే వస్తుంది. నేనే సాక్ష్యం. ఆ ముందు పన్ను పోయినప్పుడు మూడు నెలలు నేనూ అదే అనుకున్నాను.

గురువారం డాక్టరమ్మ కొలతలు తీసుకుంటుంది. ఇంకో మూడు నాలుగుసార్లు తిరగాలిట. తోడు రమ్మని మావారితో చెప్పాను. గొణిగారుగానీ చొక్కా ఇస్త్రీకి ఇచ్చారు, కనక వస్తారనే అర్థం.

పళ్ళు అలవాటైన రోజున రెండు కిలోల పిండితో జంతికలు వండుతాను. మొదటి పళ్ళెం మా అమ్మ ఫొటో ముందు పెడతాను. రెండోది నేను, అందరి ముందూ, కరకరా నముల్తాను. మావారు చెయ్యి చాపితే ఏమనాలో ఇప్పటికే అనుకుని ఉంచాను.

“మీకెందుకండీ!”